ఆరని గోడ

మా అత్త సకీనా హజ్‌కు వెళ్ళొచ్చిన సంగతి మా ఊళ్ళో మేకలకు కూడా తెలుసు. వీధి వైపు గోడ నిండా బొమ్మలు వేసి ఉంటే తెలియక చస్తుందా? ఎడమ పక్కన నీలం సముద్రం, దాని మీద పొగ వదులుతున్న ఓడ. నడుమ నల్లటి కాబా. కుడి పక్కన, గుమ్మానికి ఆనుకుని అరఫాత్ కొండ, ఆ కొండ మీద జనం మధ్య రెండు చేతులూ పైకెత్తి దువా చేస్తున్న మా అత్త. బొమ్మలో ఆవిడ కొండ కంటే పెద్దగా ఉండేది. తలుపు పైన లావుపాటి అక్షరాలతో, హజ్ చేసొచ్చినావిడ అనే బిరుదు చేర్చి ‘హజ్జా సకీనా ఇల్లు’ అని రాసి ఉండేది.

మా ఆయన షాజ్లీకి ఆ గోడే ఆస్తి. మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి “మా అమ్మ హజ్ మీద ఒట్టు” అనందే ఆయనకు ఊసు సాగదు. గేదె పాలు చిక్కగా ఉన్నాయన్నా ఒట్టే, కూరలో ఉప్పు తగ్గిందన్నా ఒట్టే. “ఉప్పుకు కూడా హజ్జెందుకండీ, నా మీద ఒట్టేసుకోండి చాలు” అని నేను ఎన్నిసార్లు అన్నానో! ఆయన మానలేదు. ఎదుటివాళ్ళు ఆ ఒట్టు వింటే ఇంకో మాట మాట్లాడకుండా నమ్మేవారు మరి.

అలాంటి గోడను ఆ చలికాలం మొదట్లో వరద నాకేసింది.

ఎడారి అంచున ఉన్న మా వైపు వాన అంటే పిల్లలు పరుగెత్తుకొచ్చి చూసే వింత. ఆ సాయంత్రం మాత్రం ఆకాశం ఇటుక రంగుకు తిరిగి, ముందు గాలి, ఆ తర్వాత వడగళ్ళు, ఆ తర్వాత తూర్పు కొండ లోయలోంచి నీళ్ళు వచ్చాయి. నీళ్ళని ఊరికే అంటున్నాను. బండరాళ్ళు, ముళ్ళకంపలు, ఎవరివో మంచం కోళ్ళు, బురద అన్నీ కలిసి పడ్డాయి. మేం మేడ ఎక్కి కూర్చున్నాం. గేదెనూ దాని దూడనూ మెట్ల మీదుగా ఎలా లాక్కొచ్చాడో మా ఆయనకే తెలియాలి. తెల్లారి దిగి చూస్తే చాపల కింద, చెప్పుల్లో, పిండి డబ్బా మూతల మీద తేళ్ళు. కొండ బొరియలన్నీ నీళ్ళతో నిండి అవి మా ఇళ్ళకు కాపురం వచ్చాయి.

ప్రాణాలు దక్కాయి. నా రొట్టెల పొయ్యి కరిగి మట్టికుప్పయింది. గోడకు అడుగున రాతి కట్టడం ఉండబట్టి అది పడలేదు గానీ, పైపూత మొత్తం జారి వీధిలో పడింది. సముద్రం లేదు, కాబా లేదు, కొండ లేదు. ఓడ కూడా పోయి, దాని పొగ ఒక్కటే పైన చూరు కింద మిగిలింది.

నేను పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చాను. మా ఆయన గోడ పట్టుకుని ఏడ్చాడు. మా అత్త మాత్రం ఏడవలేదు. ఆ బోసిగోడ ముందు చాలాసేపు నిలబడి, తల మీద బరువు దించుకున్నదానిలా ఊపిరి వదిలి “అల్‌హందులిల్లా” అంది. అందరం బతికి బట్టకట్టినందుకు అంటోంది కాబోలు అనుకున్నాను.

*

వీధిలో బురద ఎత్తిపోయడం ఒక పట్టాన తెమల్లేదు. అది పూర్తయ్యీ కాకముందే రిఫాయీ మేస్త్రి గాడిద మీద దిగాడు. మా చుట్టుపక్కల హాజీల ఇళ్ళ మీద ఉన్న ఓడలూ విమానాలూ అన్నీ ఆయన చేతివే. పెద్దవాడైపోయాడు, టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, కుంచె పట్టుకుంటే ఆ వణుకు ఏమవుతుందో అల్లాకే తెలియాలి.

“హజ్జా!” అన్నాడు గుమ్మంలోంచే. “బొమ్మ పోతే పోయింది. నేనింకా పోలేదుగా! నా చేత్తో వేసే ఆఖరి గోడ నీదే. కొండను ఇంకా పెద్దది చేస్తాను.”

“కూర్చో అన్నా, టీ తాగు,” అంది అత్త. “బొమ్మలూ అవీ ఇప్పుడెందుకు? ఊరంతా బురదలో ఉంటే. ఇంత సున్నం కొడితే చాల్లే.”

“అదేంటమ్మా!” మా ఆయన చేతిలో పార కింద పడేశాడు. “ఉత్త సున్నమా? మా అమ్మ హజ్ మీద ఒట్టు, ఈ వీధిలో ముందు లేచేది మన గోడే. అది చూశాక గానీ జనానికి మళ్ళీ కాపురాలు చేసుకోవాలనిపించదు.”

“నిజమే హజ్జా,” అన్నాడు రిఫాయీ. “నీకు గుర్తుందో లేదో. నువ్వింకా సముద్రానికి ఆ ఒడ్డునే ఉన్నావు, నేనిక్కడ కొండ వేస్తున్నాను. మీ ఆయన, అల్లా ఆయన్ని చల్లగా చూడాలి, నిచ్చెన కింద నిలబడి ‘మా సకీనా చేతులు ఇంకా పైకి ఎత్తు రిఫాయీ, ఇంకా పైకి’ అని ఒకటే గొడవ. నువ్వు బండి దిగేసరికి రంగు ఇంకా చేతికి అంటుతోంది. డప్పులు, ఆడవాళ్ళ జగారీత కేకలు, ఈ వీధి పట్టలేదు!”

మా వైపు పద్ధతి అదే. హజ్‌కు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేలోపే గోడ సిద్ధమైపోవాలి. వచ్చినవాళ్ళు తమ ఇంటి మీద తమ హజ్ చూసుకుంటూ గుమ్మం తొక్కాలి.

అత్త గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. “గుర్తుంది,” అని మాత్రం అంది. ఆవిడ టీ చల్లారిపోయింది.

*

మా అత్త వద్దన్న మాట అక్కడే మరుగున పడిపోయింది. మా ఆయన గుంట తవ్వి సున్నం రాళ్ళు నానబోశాడు. అవి కుతకుత ఉడుకుతుంటే వీధి పిల్లలు చుట్టూ చేరారు. నేను కొత్త పొయ్యి వేసుకుని, ఎండలో పిండి ముద్దలు పొంగబెట్టి మొదటి రొట్టెలు కాల్చిన రోజు మా ఇంట్లో పండగలాగే ఉంది. మా ఆయన గడ్డి కలిపిన మట్టితో గోడకు కొత్త పూత పూశాడు. ఇక అది ఆరాలి, ఆరితే నీలిమందు కలిపిన సున్నం కొట్టాలి, దాని మీద రిఫాయీ బొమ్మలు వేయాలి.

మా వైపు చలికాలపు ఎండంటే ఎండే. వీధిలో గోడలన్నీ ఒకటొకటిగా ఆరి తెల్లబడ్డాయి. మా గోడ కూడా ఆరింది, ఒక్క చోట తప్ప. గుమ్మం పక్కన, సరిగ్గా కొండ ఉండే చోట, దుప్పటి పరిచినంత మేర నల్లగా చెమ్మ. మధ్యాహ్నానికి కాస్త తెల్లబడేది, పొద్దున్న చూస్తే మళ్ళీ మామూలే.

రిఫాయీ అరచెయ్యి ఆనించి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాలికతో రుచి కూడా చూశాడు. “ఉప్పు ఊరుతోంది. దీని మీద సున్నం వేస్తే పొలుసులుగా ఊడిపోతుంది. అడుగునుంచి ఎక్కడో నీళ్ళు ఎక్కుతున్నాయి.”

“ఎక్కడో ఏంటి!” అన్నాడు మా ఆయన. “ఫాయ్‌కా పిన్ని ఇంకుడు గుంట!”

ఫాయ్‌కా మా పక్కింటావిడ. వాడిన నీళ్ళు ఇంకడానికి ఆవిడకు పెరట్లో ఒక గుంట ఉంది, మా గోడకు నాలుగు బారల దూరంలో. మా అత్తా ఆవిడా ఒకే ఏడు కోడళ్ళుగా ఈ వీధికి వచ్చారు. ఒకరి పిల్లలకు ఒకరు పాలిచ్చుకున్నారు. ఆ లెక్కన మా ఆయనకు ఆవిడ పాలిచ్చిన తల్లి. అలాంటి ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి ఈయన గొంతు చించుకున్నాడు.

“పిన్నీ, నీ గుంట పగిలింది. నీ బట్టలుతికిన నీళ్ళన్నీ మా గోడ తాగుతోంది.”

“ఏంట్రా షాజ్లీ, నిద్రలోంచి లేచినవాడిలా మాట్లాడుతున్నావు? నా గుంట నిండా వరద మట్టే. నేను నీళ్ళు వీధిలో పోసుకుంటున్నాను. కళ్ళు కనబడ్డంలేదా?”

“మా అమ్మ హజ్ మీద ఒట్టు, నీళ్ళు నీ వైపు నుంచే వస్తున్నాయి!”

ఫాయ్‌కా నోరు ఠక్కున మూతబడింది. ఒట్టు అంత పెద్దది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇంటి పిల్లలు మా రొట్టెలకు రాలేదు, మా పళ్ళేలు ఆ గడప దాటలేదు. మా అత్తకు అన్నం సహించకుండా పోయింది. ‘ఫాయ్‌కాతో తగువు మనసులో పెట్టుకుంది పాపం’ అనుకున్నాను. ఆవిడ గౌను అంచుకు రోజూ తడిమట్టి అంటుకుని ఉండేది. ఉతికింది నేనే, అయినా ఏనాడూ ఆలోచించలేదు. వరద వచ్చిన ఊళ్ళో ఎవరి అంచుకు మట్టి లేదు?

చివరికి ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆయన తేల్చేశాడు. “రేపు ఇద్దరు మనుషుల్ని తెస్తున్నాను. పిన్ని గుంట తవ్వి పూడ్చేస్తాం. ఆవిడ ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే.”

మా అత్త చేతిలో రొట్టెముక్క కింద పెట్టేసింది.

*

మర్నాడు తెల్లవారుజామున ఫజ్ర్ బాంగు అయ్యాక నేను గేదె దగ్గరకు లేచాను. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. దొంగ గేదె కోసం వచ్చాడేమోనని చేతికందిన రొట్టెల కర్ర పట్టుకుని తొంగిచూశాను.

మా అత్త గోడ ముందు కూర్చుని ఉంది. పక్కన నమాజుకు ముందు వజూ చేసుకునే కూజా. అందులో మిగిలిన నీళ్ళు దోసిట్లోకి వంచుకుని, గోడకు మెల్లగా అద్దుతోంది. పసిబిడ్డకు ఒళ్ళు కడిగినట్టు, ఒక్క చుక్క కింద పడనీయకుండా అద్దుతోంది.

నా చేతిలో కర్ర ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను. “అత్తా! నువ్వా?”

ఉలిక్కిపడింది. కానీ లేవలేదు. “నేనేనే. కర్ర దించు, కొడతావేంటి?”

“ఫాయ్‌కా పిన్నిని అక్కడ అన్ని మాటలు అనిపించి...”

“అందుకే రాత్రంతా కన్ను మూతపడలేదు. ఇవాళ మానేద్దామనే వచ్చాను. చెయ్యి ఊరుకోలేదు.” కూజా పక్కన పెట్టి తడిచేతులు ఒళ్ళో పెట్టుకుంది. “ఇది ఆరితే ఆ కొండ వేసేస్తారే బద్రియా. నేను ఆ కొండ ఎక్కలేదు.”

నాకు అర్థం కాలేదు. ఎక్కకపోవడమేంటి?

“మక్కా చూశాను. కాబా చుట్టూ తిరిగాను, జమ్‌జమ్ తాగాను. ఆ తర్వాత జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో పడేశారు. కళ్ళు తెరిచేసరికి అటుపక్క మంచం మీదావిడ ఈద్ ముబారక్ అంటోంది. అరఫాత్ రోజు వచ్చి వెళ్ళిపోయింది, నాకు ఒళ్ళు తెలియకుండానే. అరఫాత్‌లో నిలబడనిదే హజ్ లేదు. ఈ సంగతి చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.”

“మరి వచ్చాక చెప్పొచ్చుగా?”

“ఎవరికే? మీ మామ ఉన్న ఒక్క గేదెనూ అమ్మి, తను ఆగి, మా అన్న తోడుగా నన్ను పంపాడు. దారి పొడుగునా మా అన్నను బతిమాలుకున్నాను, నువ్వే చెప్పన్నా అని. ఇంటికెళ్ళాక చెబుదాంలే అన్నాడు. తీరా వచ్చేసరికి గోడ మీద నేను నిలబడి ఉన్నాను, చేతులెత్తుకుని. మీ మామ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. ‘చూడవే, ఎలా ఉన్నావో’ అని మురిసిపోయాడు. డప్పులు కొడుతున్నారు. ఆ మనిషి మొహం చూస్తూ ఏమని చెప్పను? వచ్చే ఏడు మళ్ళీ వెళ్ళి సరిచేసుకుందాంలే అనుకున్నాను. వచ్చే ఏడు రాలేదు. ఆయన పోయాడు. మా అన్నా పోయాడు.”

ఆవిడ గోడ వైపు తిరిగింది. “వరద దాన్ని తుడిచేసినప్పుడు అల్లా నా మొర విన్నాడనుకున్నాను. నీ మొగుడు కూరలో ఉప్పుకు కూడా నా హజ్ మీద ఒట్టేస్తుంటే, ఇన్నేళ్ళూ నా గుండెల్లో మేకు దిగబడుతూనే ఉంది. మళ్ళీ ఆ కొండ మీద నన్ను నిలబెట్టొద్దు. ఈసారి నిలబెడితే తెలిసి తెలిసి నిలబడినట్టే.”

నేను ఆవిడ పక్కన మట్టిలోనే కూర్చుండిపోయాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆ డప్పుల మీద. ఒక్కరైనా, ఒక్క మనిషైనా ‘ఎలా జరిగింది సకీనా’ అని అడిగి ఉంటే!

“ఎవరికీ చెప్పనత్తా,” అన్నాను. “ఆయన్ని నేను ఎలాగో ఆపుతాను.”

ఆవిడ నవ్వింది. “నువ్వు ఆపుతావు, పిచ్చిదానా. ఫాయ్‌కా మీద పడ్డ మాటను ఎవరు ఆపుతారు?”

*

ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి మా ఆయన గునపాలతో ఇద్దరిని తెచ్చాడు. రిఫాయీ కూడా రంగుడబ్బాలు దించుకున్నాడు. ఫాయ్‌కా తన పెరటి తలుపుకు అడ్డంగా నిలబడింది, ఒంటరిగా. వీధి మొత్తం చోద్యం చూడ్డానికి చేరింది.

“తప్పుకో పిన్నీ!”

“తవ్వండి నాయనా, తవ్వండి. నీళ్ళు దొరక్కపోతే నా మొహం ఎలా చూస్తావో అదీ చూస్తాను.”

“మా అమ్మ హజ్ మీద...”

“షాజ్లీ,” అంది మా అత్త.

పెద్దగా అనలేదు. చేతిలో కూజాతో గుమ్మం దిగి వచ్చింది. నేరుగా ఫాయ్‌కా పక్కకు వెళ్ళి నిలబడింది.

“ఫాయ్‌కా గుంటలో నీళ్ళు లేవు. ఆ గోడ తడిపింది నేను. రోజూ పొద్దున్నే ఈ కూజాతో తడిపాను.”

మా ఆయన కూజా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. “ఎందుకమ్మా?”

“నేను అరఫాత్‌లో నిలబడలేదు నాయనా. ఆ రోజు నాకు ఒంట్లో స్పృహ లేదు. నాకు హజ్ లేదు. ఇక నా హజ్ మీద ఒట్టేయకు.”

అంతే. ఏడవలేదు. గునపాలవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మా ఆయన వాళ్ళ చేతుల్లోంచి గునపాలు తీసుకుని గోడకు ఆనించి, పొలం వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఎవరో ‘అస్తగ్‌ఫిరుల్లా, అల్లా క్షమించాలి’ అన్నారు. ఎవరో నవ్వారు. నేను ఆ నవ్విన మొహం కోసం వెతుకుతున్నాను, అంతలో ఫాయ్‌కా అందుకుంది.

“ఏంటర్రా ఇక్కడ? పనుల్లేవా మీ ఇళ్ళలో? బురద ఎత్తడం అయిపోయిందా?” జనాన్ని కోళ్ళను అదిలించినట్టు అదిలించింది. తర్వాత మా అత్త చేతిలో కూజా లాక్కుంది. “ముసలిదానా! నన్ను అన్ని తిట్లు తినిపించి ఇప్పుడా చెప్పేది? లోపలికి పద, టీ పెడతాను.”

మా అత్త అప్పుడు ఏడ్చింది. ఫాయ్‌కా భుజం మీద తల పెట్టి, ఇన్నేళ్ళదీ కలిపి ఏడ్చింది.

*

మా ఆయన కొన్నాళ్ళు తల్లితో మాట్లాడలేదు. కోపమా అంటే కోపం కాదు. ఆవిడ ఎదురైతే తలొంచుకునేవాడు. బయట కూడా నోరు విప్పడం తగ్గింది. ఏదో చెప్పబోతాడు, “మా అమ్మ...” వరకు వచ్చి ఆగిపోతాడు, మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా. నాకు ఆయన మీద జాలేసేది. ఉప్పు తగ్గిందని ఒట్టేసినా బాగుండు అనిపించేది.

గోడ మూడు ఎండలకు శుభ్రంగా ఆరింది.

రిఫాయీ వచ్చి కుంచెలు పక్కన పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. “ఏం వేయమంటావు... సకీనా?” హజ్జా అనే మాట నాలిక చివర వరకు వచ్చినట్టుంది, మింగేశాడు.

“ఓడ వెయ్యి అన్నా, ఎక్కాను. సముద్రం వెయ్యి, వాంతులు చేసుకున్నాను కూడా. కాబా వెయ్యి, నా కళ్ళతో చూశాను. కొండ వద్దు.”

“ఆ చోట ఏం వేయను మరి? ఖర్జూరం చెట్టు?”

“ఏమీ వద్దు. ఉత్త సున్నం కొట్టి వదిలెయ్యి.”

ఆయన చేతి వణుకు ఈసారి సముద్రంలో కలిసిపోయి నిజం అలల్లాగే వచ్చింది. పైన మిగిలిన పాత పొగ కిందకే కొత్త ఓడను తెచ్చి అతికించాడు. తలుపు పైన ‘సకీనా ఇల్లు’ అని రాశాడు. కుడి పక్కన మాత్రం మనిషెత్తు మేర నీలం కలిసిన తెలుపు తప్ప ఏమీ లేదు. మా అత్త రోజూ బల్ల వేసుకుని ఆ ఖాళీ కిందే కూర్చునేది, కూరకు ఆకులు గిల్లుకుంటూ. పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళు, దారినపోయేవాళ్ళు అడగకుండా ఉండరు కదా.

“ఇదేంటవ్వా, బొమ్మ సగంలో ఆపేశారేం?”

“అంతవరకే వెళ్ళాను తల్లీ,” అనేది.

ప్రతివాళ్ళకూ అదే మాట. విసుక్కునేది కాదు. వాళ్ళు వెళ్ళాక ఆకులు గిల్లడంలో పడిపోయేది. ఆ చలికాలంలోనే ఆవిడకు మళ్ళీ అన్నం సహించింది, రాత్రిళ్ళు గురకపెట్టి నిద్రపోయేది.

గోధుమ చేలు పచ్చబడుతున్న రోజుల్లో గేదె దూడను కొనడానికి ఒక బేరగాడు వచ్చాడు. వరదలో తడిసిన దూడ, జబ్బేమైనా పట్టిందేమోనని వాడి అనుమానం. నోరు తెరిపించి చూశాడు, డొక్కలు నొక్కి చూశాడు. బల్ల మీద మా అత్త, గుమ్మంలో నేను.

“నిక్షేపంలా ఉంది,” అన్నాడు మా ఆయన. “ఒక్క రోజు మేత మానలేదు.”

“అందరూ అలాగే అంటారు. ఏం చూసుకుని నమ్మను?”

“మా అమ్మ...” అని ఆగాడు. అలవాటు చొప్పున గోడ వైపు తిరిగాడు. ఓడ ఉంది, కాబా ఉంది, ఆ పక్కన ఉత్త తెలుపు, దాని కింద ఒళ్ళో ఆకులతో మా అత్త. ఆవిడ గిల్లడం ఆపి తల దించుకుంది.

“మా అమ్మ నోటిమాట మీద ఒట్టు,” అన్నాడు.

బేరగాడు మా అత్త వైపు చూశాడు. ఆ గోడ కథ వాడి ఊరి దాకా వెళ్ళినట్టుంది. ఇంకేమీ అడగకుండా దూడ పలుపు విప్పుకున్నాడు.